గోడ మీద కుక్క, గుమ్మం ముందు కుక్క: కుట్టు టీచరమ్మ జవాబులు

పోయిన నెల చిలకల గురించి రాస్తే, ఈ నెల ఉత్తరాలన్నీ కుక్కల మీద వచ్చాయి. ముప్పై రెండేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో కుట్టు నేర్పాను. నా చేతుల మీదుగా పోయిన నెమళ్లకీ హంసలకీ లెక్కే లేదు. కుక్కలు మాత్రం ఏ రెండో మూడో ఉంటాయనుకునేదాన్ని. పాత ఆల్బం తీసి చూస్తే పదిహేడు తేలాయి. అన్నీ మ్యాటీ క్లాత్ మీదవే (గళ్లు లెక్కపెట్టి కుట్టుకునేలా నేసిన గుడ్డ అది), అన్నీ కుచ్చుల దిండు మీద దొరసానుల్లా కూర్చున్నవే. అందుకని ఈసారి జాకెట్టు మెడల ప్రశ్నలు పక్కన పెట్టి పేజీ మొత్తం కుక్కలకే ఇచ్చేశాను.

ప్రశ్న: మా అమ్మ 1974లో, పెళ్లికి ముందు, మ్యాటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్‌తో ఒక కుక్కను కుట్టింది. పొడుగు చెవులు, ఎర్ర దిండు. అమ్మ పోయాక ఆ ఫ్రేము తెచ్చి మా హాల్లో పెట్టుకున్నాను. మా అత్తగారు "కుక్క బొమ్మ ఇంట్లో ఏంటమ్మా, కుక్క భైరవుడి వాహనం, గోడకి పెట్టకూడదు" అంటున్నారు. మరిది ఫోన్లో చూసి "కుక్క అంటే విశ్వాసం, మంచిదే" అన్నాడు. ఇంతకీ ఆ బొమ్మకి అర్థం ఏమిటి? ఫోటో పంపుతున్నాను. (పాఠకురాలు, తణుకు)

జవాబు: ముందు అత్తగారి సంగతి చూద్దాం. భైరవుడి వాహనం కుక్కే, కాదనను. ఆ భైరవుడికి కాశీలో ఎంత పెద్దపీటో ఆవిడకి నాకన్నా బాగా తెలిసే ఉంటుంది. దత్తాత్రేయుడి పటం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఆయన కాళ్ల దగ్గర నాలుగు కుక్కలుంటాయి, నాలుగు వేదాలని చెప్తారు. ఆ పటం పూజగదిలో ఉండగా లేని దోషం హాల్లో ఉన్న దూదిదారం కుక్కకి ఎక్కణ్నుంచి వస్తుంది? ఈ మాట మీరు అంటే బాగుండదు. ఈ పేజీ ఆవిడ కంటపడేలా టీపాయ్ మీద వదిలేయండి.

ఇక మీ అమ్మగారి కుక్క. చెవులు చూడండి. మన వీధుల్లో ఆ చెవుల కుక్క ఎక్కడన్నా కనపడిందా? అది స్పానియల్. విక్టోరియా రాణి చిన్నప్పటి పెంపుడు కుక్క డాష్ ఆ జాతిదే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీలో బెర్లిన్ వ్యాపారులు గళ్ల కాగితం మీద బొమ్మలు అచ్చేసి, ఒక్కో గడికి చేత్తో రంగు వేయించి అమ్మేవాళ్లు. ఒక గడి అంటే ఒక కుట్టు. బొమ్మ గీయడం రానివాళ్లు కూడా గళ్లు లెక్కపెట్టుకుంటూ ఉన్నితో పూలూ కుక్కలూ కుట్టేయొచ్చు. ఇంగ్లండులో అది పిచ్చిలాగా పట్టుకుంది. రాణిగారి కుక్కల్ని ల్యాండ్‌సీర్ అనే చిత్రకారుడు నూనెరంగుల్లో వేస్తే, అవి కూడా దిండు గలీబుల మీదికి దిగిపోయాయి. కుచ్చుల దిండు మీద స్పానియల్ అనే ఫ్యాషన్ అప్పటిది. కాన్వెంట్లూ మిషన్ స్కూళ్లూ మన దేశంలో ఆడపిల్లలకి కుట్టు నేర్పినప్పుడు ఆ గళ్ల కాగితాల పద్ధతే నేర్పాయి. మా టీచర్ దగ్గర నేను నేర్చుకున్నదీ అదే, నా పిల్లలకి నేర్పిందీ అదే. నల్లబల్ల మీద గళ్లు గీసి "మూడు బ్రౌను, రెండు తెలుపు, మళ్లీ ఒకటి బ్రౌను" అని అరిచి చెప్పేదాన్ని.

కాబట్టి ఆ కుక్క పుట్టిల్లు ఎక్కడో ఉంది. మన ఇళ్లలోకి వచ్చాక దాని పనే మారిపోయింది. మీ అమ్మగారి కాలంలో పెళ్లిచూపులకి ఎవరన్నా వస్తే హాల్లో ఏముండేది? గాజుపూసల హంస, రేడియో మీద క్రోషా గుడ్డ, గోడకి మ్యాటీ కుక్క. కాఫీ గ్లాసులు అందిస్తూ ఎవరో ఒకరు "అమ్మాయి చేసిందేనండీ" అనేవారు. అమ్మాయి తల ఎత్తకుండా కూర్చునేది. ఆవిడ తరఫున ఆ కుక్కే మాట్లాడేది: ఈ పిల్లకి ఓపికుంది, లెక్క తప్పదు, కళ్లు బాగున్నాయి. ఆ రోజు ఆ గదిలో ఎవరూ భైరవుణ్ని తలుచుకుని ఉండరు, విశ్వాసాన్నీ తలుచుకుని ఉండరు.

ఒక పని చేయండి. ఫ్రేము వెనకున్న అట్ట మెల్లగా విప్పి, గుడ్డ తిప్పి చూడండి. ముడులు ఎక్కడ పడ్డాయో, దారం ఎక్కడ చాలక వేరే ఎరుపు కలిపారో అక్కడ కనపడుతుంది. ముందువైపు బెర్లిన్ కాగితం, వెనకవైపు మీ అమ్మగారు.

ఉతకొద్దు. మా అమ్మ కుట్టిన కుక్కని నేను ఉతికాను, అదీ కుట్టు టీచర్నై ఉండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు దిగదని పిల్లలకి పాఠం చెప్పే మనిషిని కదా, అలాగే చేశాను. మెడపట్టీ ఎరుపంతా దిగి, తెల్ల కుక్క రోజాపువ్వు రంగుకి తిరిగింది. ఇప్పటికీ బీరువాలోనే ఉంది, గోడకి పెట్టే ధైర్యం లేదు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మెయిన్ రాష్ట్రానికి టూర్ వెళ్లినప్పుడు పాత సామాన్ల కొట్లో ఒక చిన్న రగ్గు కొన్నాం. నల్ల కుక్క పడుకుని ఉంది, చుట్టూ రంగురంగుల చారలు. "రెండొందల ఏళ్ల నాటిది, కుక్క విశ్వాసానికి గుర్తు" అని కొట్టతను చెప్పాడు. వెనకవైపు చూస్తే మన బియ్యం బస్తాలాగే ఉంది! మోసపోయామా అని టెన్షన్‌గా ఉంది. వాషింగ్ మెషీన్లో వేయొచ్చా? (పాఠకురాలు, ఎడిసన్)

జవాబు: చివరి ప్రశ్నకి ముందు జవాబు. వేయొద్దు. మా అమ్మ కుక్క కథ పైన చదవండి.

మీరు బియ్యం బస్తా అన్నారు చూడండి, అంతకన్నా మంచి ఆధారం లేదు. అది గోనెపట్టే. ఇంగ్లీషువాళ్లు 'గన్నీ' అనే మాట మన 'గోణి' నుంచే తీసుకున్నారు. బెంగాల్ జనపనార కలకత్తా రేవు నుంచి స్కాట్లండులోని డండీ మిల్లులకి వెళ్లి, అక్కడ పట్టాలుగా నేసి ప్రపంచమంతా తిరిగింది. అమెరికా పల్లెల్లో ధాన్యం, దాణా ఆ సంచుల్లోనే వచ్చేవి. పందొమ్మిదో శతాబ్దం నడిమికి గానీ గోనె అక్కడ ఇంటింటా దొరకలేదు. సంచి ఖాళీ అయితే ఆడవాళ్లు విప్పదీసి, చట్రానికి బిగించి, పాత ఉన్ని బట్టల పీలికల్ని కింద నుంచి కొక్కెంతో పైకి లాగేవాళ్లు. గోనె నేత వదులుగా ఉంటుంది కాబట్టి కొక్కెం సులువుగా దిగుతుంది. లాగిన ప్రతి పీలికా చిన్న ఉచ్చులాగా నిలబడుతుంది, అలాంటివి వేలు కలిస్తే రగ్గు. మీది గోనె మీద ఉంది కనుక రెండొందల ఏళ్ల మాట ఉత్తదే. నూట యాభై చిల్లర దాకా అయితే ఒప్పుకుంటాను. ధర బట్టి మోసమో కాదో మీరే తేల్చుకోండి!

నేను నెల్లిమర్లలో పనిచేసిన రోజుల్లో జూట్ మిల్లు సైరన్ వింటూ పాఠం చెప్పేదాన్ని. మా అమ్మాయి దగ్గరికి బాస్టన్ వెళ్లినప్పుడు మ్యూజియంలో అద్దాల వెనక గోనెపట్టాని చూసి పెద్దగా నవ్వాను. కాపలా కుర్రాడు కంగారు పడ్డాడు.

ఇప్పుడు మీ మెయిన్ రాష్ట్రం సంగతి. అక్కడ బిడ్డెఫర్డ్ అనే ఊళ్లో ఎడ్వర్డ్ సాండ్స్ ఫ్రాస్ట్ అని ఒకాయన, ఇంటింటికీ తిరిగి రేకు సామాన్లు అమ్మేవాడు. 1868 చలికాలంలో భార్య రగ్గు లాగుతుంటే చూశాడు. ఆవిడ కొక్కెం బాగా లేదని మంచిది చేసి ఇచ్చాడు, ఆ తర్వాత గోనె మీద బొమ్మ గీసి ఇచ్చాడు. చుట్టుపక్కలవాళ్లు మాకూ కావాలన్నారు. ఎన్నని చేత్తో గీస్తాడు? రేకు సామాన్ల మనిషి కదా. రేకుల్ని కత్తిరించి అచ్చులు చేసి, గోనె మీద పరిచి రంగు అద్దడం మొదలుపెట్టాడు. పూలు, సింహాలు, కుక్కలు. పాత సామాన్ల బండి మీదే పెట్టుకుని అమ్మాడు. 1876లో వ్యాపారం అమ్మేశాడు. కానీ ఆ అచ్చులు బతికాయి, అచ్చు వేసిన గోనె అమ్మడం అక్కడ పెద్ద వ్యాపారం అయింది.

అందుకే మీ కుక్కని నిలేసి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నువ్వు అచ్చు కుక్కవా, ఇంటి కుక్కవా? అచ్చు కుక్క ఒళ్లు కొలిచినట్టు ఉంటుంది, చుట్టూ ఆకుల తీగ సమంగా తిరుగుతుంది, పడుకున్నా ఫోటోకి కూర్చున్నట్టే ఉంటుంది. ఇంటి కుక్కకి కాళ్లు కుదరవు. తల ఎలకదో దూడదో తెలియదు. తోక పెట్టడానికి చోటు చాలక పైకి మడిచేస్తారు. మీరు పంపిన ఫోటోలో వెనక కాళ్లు ఒకదాని మీద ఒకటి పడి మూడే కనపడుతున్నాయి, కళ్లు రెండూ ఒకే వైపు ఉన్నాయి. ఈ కుక్క ఏ అచ్చులోంచీ రాలేదు. ఎవరో చట్రం పక్కన పడుకున్న సొంత కుక్కని చూసి గీసుకున్నారు. నల్లగా ఎందుకుందంటారా? మగవాళ్ల ఉన్ని ప్యాంట్లు నలుపే ఎక్కువ, చిరిగేవీ అవే ఎక్కువ. చుట్టూ చారలు మిగిలిన పీలికలు. దీనికి ఇంతకన్నా లోతైన కారణం వెతకను.

విశ్వాసం మాట ఆ కొట్టతను ఊరికే పుట్టించలేదు. యూరప్‌లో పాత సమాధుల మీద పడుకున్న రాతి దొరసానుల కాళ్ల దగ్గర చిన్న కుక్క ఉంటుంది. 1531లో ఆల్చియాటో అనే ఇటలీ న్యాయవేత్త చిహ్నాల పుస్తకం ఒకటి వేస్తే, అందులో భార్య పాతివ్రత్యానికి గుర్తుగా కాళ్ల దగ్గర కుక్కపిల్ల ఉంది. అది చదువుకున్నవాళ్ల భాష. మెయిన్‌లో మంచు కురుస్తుంటే గోనె లాగే ఇల్లాలికి కుక్క అంటే నిప్పు దగ్గర చోటంతా ఆక్రమించుకుని పడుకునేది. రగ్గు కూడా ఆ నిప్పు ముందే వేసేవాళ్లు. చూడండి, ఉన్న కుక్క మీదే మరో కుక్క పడుకుంటుంది.

జాగ్రత్తలు రెండు. దులపొద్దు, పాత గోనె పెళుసుబారి పుటుక్కున విరుగుతుంది. దాచాలంటే మడతపెట్టకుండా, బొమ్మ బయటికి వచ్చేలా చుట్టండి. బొమ్మ లోపలికి పెట్టి చుడితే వెనక గోనె సాగిపోతుంది. తేమ తగలనివ్వద్దు.

ప్రశ్న: నేను కెనడాలో న్యూఫౌండ్లాండ్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడ పాత గోడచాపల మీద మంచులో బండి లాగే కుక్కల బొమ్మలు చాలా చూశాను. వీటికీ విశ్వాసమే అర్థమా మేడమ్? (విద్యార్థి, సెయింట్ జాన్స్)

జవాబు: నాయనా, ఎద్దు బొమ్మ చూసి "ఇది విశ్వాసమా?" అని మన రైతుని అడిగితే ఏమంటాడు? అక్కడ కుక్క అంటే ఎద్దు. కట్టెలు తెచ్చేది, డాక్టర్ని తెచ్చేది అదే.

ఆ చాపల వెనక ఒక డాక్టరే ఉన్నాడు. విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్, ఇంగ్లండు నుంచి 1892లో ఆ తీరానికి వెళ్లాడు. చేపల మీద బతికే జనం, చలికాలం వస్తే చేతిలో పైసా ఉండదు. కానీ ఆ ఆడవాళ్లకి చాప లాగడం, అదే గోనె మీద కొక్కెంతో పీలికలు లాగడం, ముందే వచ్చు. గోనెని వాళ్లు 'బ్రిన్' అంటారు. ఫిబ్రవరి, మార్చి వాళ్లకి చాపల కాలం, మనకి వేసవిలో అప్పడాల కాలం ఉన్నట్టు. 1906లో జెస్సీ లూథర్ అనే ఆవిడ రోడ్ ఐలండ్ నుంచి వచ్చి ఆ పనిని అమ్మకానికి పనికొచ్చేలా తీర్చింది. ఆ డాక్టర్ నడిపిన మిషన్ వాళ్లు బొమ్మ గీసిన బ్రిన్, రంగులద్దిన పీలికలు ఇళ్లకి పంపేవాళ్లు. 1920ల చివర్లో అమెరికా ఆడవాళ్లని చిరిగిన పట్టు స్టాకింగ్స్ పంపమని అడిగారు. కట్టలు కట్టలు వచ్చాయి. వాటిని సన్నగా కోసి, ఒక్క కన్నం వదలకుండా అడ్డంగా వరసలు లాగితే చాప తివాచీలా నున్నగా వచ్చేది. న్యూయార్క్ అమ్మాయి నాట్యానికి కట్టుకున్న పట్టు, మంచులో కుక్క వీపు అయింది. నాకు ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు.

బొమ్మలు మిషన్‌వి, కొనేవాళ్ల కోసం గీసినవి. అంతవరకు అవి ఊరి గురించి బయటివాళ్లకి చెప్పిన కథలే. కానీ గ్రెన్‌ఫెల్‌కి కుక్కలతో సొంత లెక్క ఒకటి ఉంది. 1908 ఏప్రిల్, ఈస్టర్ పండగ రోజులు. దూరాన ఉన్న రోగి దగ్గరికి కుక్కల బండి మీద గడ్డకట్టిన సముద్రం దాటుతుంటే మంచు విరిగింది. ఒక చిన్న మంచుపలక మీద కుక్కలతో సహా సముద్రంలోకి కొట్టుకుపోయాడు. బట్టలు తడిసి, చలికి చచ్చే స్థితిలో మూడు కుక్కల్ని చంపి, వాటి చర్మాలు కప్పుకున్నాడు. వాటి ఎముకలే ఒకదానికొకటి కట్టి కర్ర చేసి, చొక్కాని జెండాలా ఎగరేశాడు. మర్నాడు ఊరివాళ్లు పడవేసుకుని వెళ్లి రక్షించారు. తర్వాత తన ఇంట్లో కంచు ఫలకం పెట్టించాడు. దాని మీద మూడు పేర్లు: మూడీ, వాచ్, స్పై.

ఇది చదివాక ఆ చాపల ముందు నిలబడి 'విశ్వాసం' అనే మాట అనడానికి నాకు నోరు రావట్లేదు. కుక్క తనంతట తాను ప్రాణం ఇవ్వలేదు కదా. నువ్వు సెలవుల్లో సెయింట్ ఆంథనీ వెళ్తే ఆయన ఇల్లు చూసి రా.

ప్రశ్న: మా అబ్బాయి ఓడలో పనిచేస్తాడు. పనామా నుంచి ఒక ఎర్రగుడ్డ తెచ్చాడు. పొరలు పొరలుగా కోసి కుట్టారు. దాని మీద మన గ్రామఫోను రికార్డుల మీదుండే కుక్క! వాళ్లకి కుక్క దేవుడా? (పాఠకుడు, మచిలీపట్నం)

జవాబు: దేవుడేం కాదు, మీకూ నాకూ తెలిసిన నిప్పరే. ఇంగ్లండు కుక్క, 1895లో పోయింది. ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు దాన్ని గొట్టం ముందు చెవి రిక్కించి కూర్చున్నట్టు వేశాడు. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ బొమ్మ కొంది. మన దగ్గర కలకత్తా రికార్డుల మీద, అమెరికా ఖండాల్లో విక్టర్ కంపెనీ పెట్టెల మీద, అంతటా అదే కుక్క.

మీ గుడ్డ పేరు మోలా. పనామా తీరం పక్కన దీవుల్లో ఉండే గుణ జాతి ఆడవాళ్లు జాకెట్టుకి ముందొకటి, వెనకొకటి కుట్టుకునే పలక అది. రెండు మూడు రంగుల గుడ్డలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పై పొర కోసి, అంచు లోపలికి మడిచి కుట్టి, కింద రంగు బయటపెడతారు. మన అతుకుపనికి తలకిందులు. అగ్గిపెట్టె బొమ్మైనా, ఎన్నికల పోస్టరైనా, కంటికి నచ్చితే మోలాలోకి ఎక్కేస్తుంది. అలాగని అది ఆటగుడ్డ అనుకోకండి. పనామా సర్కారు ఈ వేషం మానమని ఒత్తిడి తెస్తే, 1925లో గుణలు తిరుగుబాటు చేశారు. ఆ జాకెట్టు వాళ్ల మానం. అందులో నిప్పర్‌కి చోటిచ్చారంటే, కంపెనీ గుర్తుని పట్టుకొచ్చి తమ దాన్ని చేసుకున్నారన్న మాట. మీ దాంట్లో కుక్క చుట్టూ చిక్కుదారుల్లాంటి గీతలున్నాయే, అవి ఏ కంపెనీ గీయలేదు.

గుడ్డ అంచుల్లో పాత సూది రంధ్రాలు, చంకల దగ్గర రంగు వెలిసిన జాడ ఉంటే ఎవరో తొడుక్కున్న జాకెట్టు నుంచి విప్పింది. లేకపోతే అమ్మడానికే కుట్టింది. రెండూ మంచివే, మొదటిది నాకిష్టం.

ప్రశ్న: మా వీధికుక్క ఈమధ్యే పోయింది. ఏడేళ్ల మనవరాలు దాని బొమ్మ బొంత మీద కావాలని ఒకటే ఏడుపు. ఇంటర్నెట్‌లో డిజైన్లన్నీ ఫారిన్ కుక్కలే. దానికి ఒక చెవి సగం తెగి ఉండేది. ఎలా కుట్టను? (పాఠకురాలు, పాలకొండ)

జవాబు: డిజైన్ వెతక్కండి. పిల్ల చేతికి సుద్దముక్క ఇచ్చి, పాత పంచె మీద గీయమనండి. ఐదు కాళ్లు వేస్తే ఐదూ కుట్టండి, దిద్దకండి. కుక్క ఒంటికి తాతగారి పాత లుంగీయో ఖాకీ ప్యాంటో సరిపోతుంది. బాగా ఉతికి, రంగు ఇంకా దిగుతోందేమో తెల్లగుడ్డ తడిపి రుద్ది చూడండి. ఈ విషయంలో నా మాట నమ్మండి. గీత మీద అర అంగుళం వదిలి కత్తిరించి, అంచు లోపలికి తోస్తూ అతుకుపని చేయండి. కాళ్లు, తోక ముందు కుట్టి, ఒళ్లు వాటి మీదికి రానివ్వండి, అప్పుడు అతుకులు కనపడవు. బొంతకి వేసే పెద్ద కుట్టు కుక్క మీద నుంచి పోనివ్వకుండా చుట్టూ తిప్పండి, ఒళ్లు కొద్దిగా ఉబ్బి నిలబడుతుంది. తెగిన చెవిని తెగినట్టే ఉంచండి, ఆ వైపు అంచు మడవకుండా పోగులు వదిలేసినా బాగుంటుంది, నాలుగు ఉతుకులకి ఇంకొంచెం చిరుగుతుంది. పేరు పిల్ల చేతే రాయించి కాడకుట్టుతో కుట్టండి.

అయ్యాక ఫోటో పంపండి. వెనకవైపుది కూడా.